పక్కకు తిరిగి పడుకునే మనిషికి పరుపు

మా ఇంటి మగవాళ్ళు మైల రోజుల్లో తప్ప నేల మీద పడుకునేవారు కాదు. పరాయి మనిషి ఎదుట నడుం వాల్చడం అసలే లేదు. మా తాత జ్వరంతో మూలుగుతున్నప్పుడు కూడా వాకిట్లో చెప్పుల చప్పుడు వినగానే లేచి, కండువా సర్దుకుని, గోడకు ఆనకుండా కూర్చునేవాడు. వచ్చినవాడు వెళ్ళిపోయాకే మళ్ళీ పడుకునేవాడు. అది గొప్ప కోసం చేసిన పని అని నేను ఎప్పుడూ అనుకోలేదు. నలుగురి తగాదాలు తీర్చే మనిషి ఆ నలుగురికీ నిటారుగానే కనిపించాలని ఆయన నమ్మకం. ఆ తగాదాలు, ఆ వాకిలి, దాని వెనుక అనంతపురం జిల్లాలో మాకుండిన భూములు అన్నీ మా నాన్న కాలంలోనే చేజారాయి. నా దాకా వచ్చినవి రెండే. ఒకటి వంగని వెన్ను, రెండోది తాత పట్టెమంచం.

చందానగర్‌లో మా ఫ్లాటులో ఆ మంచం వేశాక అల్మారా తలుపు సగమే తెరుచుకుంటుంది. దోమతెర కట్టే పై చట్రం ఫ్యానుకు తగులుతుందని విప్పి అటక మీద పెట్టాం. మంచం అమ్మేసి మామూలుది కొనుక్కోమన్నవాళ్ళ మాట నేను వినలేదు. అమ్మ చివరి ఏళ్ళన్నీ దాని మీదే గడిచాయి. ఆ ఏళ్ళన్నీ నా భార్య మంచం పక్కన నేల మీద బొంత పరుచుకుని పడుకుంది. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి మంచం కోడు చుట్టూ వేసి పడుకునేది. అమ్మ కదిలితే ఆ కోడులో చిన్న అదురు పుడుతుంది. ఆ అదురుకే ఆమెకు మెలకువ వచ్చేది. అమ్మకు ఎప్పుడూ కోడల్ని నోరు తెరిచి పిలవాల్సిన అవసరం రాలేదు.

అమ్మ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు మంచం మీద మేమిద్దరం పడుకుంటున్నాం. కానీ ఆ చెయ్యి అలవాటు మానలేదు. నిద్రలో వచ్చి నా మణికట్టును పట్టుకుంటుంది. నేను కాస్త కదిలితే చాలు, ఆమె లేచి కూర్చుని “ఏం కావల్ల?” అంటుంది. ఏమీ వద్దంటే సరే అంటుంది. ఇక ఆ తర్వాత ఆమెకు నిద్ర ఉండదు. పొద్దున బడికి వెళ్ళి తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పాలి. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు కొన్నాళ్ళు వేసుకుని, “అది నా నిద్ర మాదిరి లేదు” అని మానేసింది.

ఒక ఆదివారం పొద్దున నా మోటార్‌సైకిల్ మీద లింగంపల్లి నుంచి గచ్చిబౌలి వైపు వెళుతున్నాం. సిగ్నల్ దగ్గర మా పక్కన కొన్ని బండ్లు వచ్చి ఆగాయి. బండ్లకు రెండు వైపులా సంచులు, వెనుక చుట్టచుట్టి కట్టిన పరుపులు ఉన్నాయి. నా భార్య పక్క బండి మీది అమ్మాయిని పలకరించింది.

“యాడికి పోతాండారమ్మా?”

“క్యాంపింగ్ ఆంటీ, వికారాబాద్ అవతలికి. రాత్రి ఆడ్నే పండుకుంటం.”

“నేల మీదేనా?”

“నేల మీదనే. మీరు గూడ రండి ఆంటీ, అంకుల్‌ని తీస్కోని.”

లైటు మారింది, వాళ్ళు వెళ్ళిపోయారు. విశ్వవిద్యాలయం గోడ పక్కగా పోతుండగా ఆమె నా భుజం మీదికి వంగి చెప్పింది. “మా ఊర్లో ఎండాకాలమంతా మిద్దె మీదే పడుకుంటాంటిమి. ఒకసారి వాన పడి అందరూ పక్కలెత్తుకొని దిగిపోయినా నాకు తెలీలేదంట. మా నాయన నన్ను చాపతో సహా ఎత్తుకొని దిగినాడంట. అంత నిద్ర.” గోడ దాటాక, “మనమూ ఒకసారి పోదామా?” అంది.

ఆమె నన్ను ఏదైనా అడగడం అరుదు. ఒకసారి అడిగింది సరిగ్గా జరగకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తదు. పోదామని అప్పుడే చెప్పేశాను. చెప్పాక ఆలోచిస్తే నాకు టెంటు గురించి, దారి గురించి చింత కలగలేదు. ఆ ఒక్క రాత్రి ఆమెకు నిద్ర పట్టాలి, అదొక్కటే. పట్టకపోతే పొద్దున లేచి “బాగుంది” అంటుంది, ఇక ఆకాశం కింద పడుకోవడం అనే మాట మా ఇంట్లో వినిపించదు. ఆమె “బాగుంది” ఎలాంటిదో నాకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇంటి ఉప్పెక్కువైన పప్పు బాగుంది, వాన కారే గది బాగుంది, ఎవరూ మాట్లాడుకోకుండా చేసే భోజనాలు కూడా బాగున్నాయి.

రాయదుర్గం దగ్గర ఒక కంపెనీలో నేను కుర్చీలు, బల్లలు, దీపాలు చూసుకునే విభాగానికి మేనేజర్ని. కొత్త కుర్చీలు కొనేముందు నమూనాలు తెప్పించి, పొడుగువాళ్ళని, పొట్టివాళ్ళని, లావువాళ్ళని వాటిలో పూర్తి పనిదినం కూర్చోబెట్టి, సాయంత్రం వాళ్ళ నడుముల సంగతి అడిగి తెలుసుకున్నాకే ఆర్డరు ఇస్తాను. ఈ పద్ధతి నాదే. దాని గురించి ఆఫీసులో జోకులు వేసుకుంటారని కూడా తెలుసు.

జోకులు వేసేవాళ్ళలో మొదటిది భీమవరం నుంచి వచ్చిన ఒక టీమ్ లీడర్. మోటార్‌సైకిల్ మీద హిమాలయాల దాకా వెళ్ళొచ్చిన మనిషి. క్యాంటీన్‌లో ఆమెను సలహా అడిగితే కాఫీ కప్పు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

“మీరు టెంట్‌లో పడుకుంటారాండీ? ఇస్త్రీ చొక్కాతోనా?”

“చొక్కా సంగతి తర్వాత. పరుపు గురించి చెప్పమ్మా.”

“ఫోమ్‌దైతే మొండిదండి. ముల్లు దిగినా, నీళ్ళు పడినా ఏమవ్వదు. కానీ గట్టిగా ఉంటది. గాలిదైతే మెత్తగా ఉంటది, చిల్లు పడితే నేలే గతి. సగం సగంవి కూడా ఉంటాయండి, లోపల ఫోమ్, వాల్వ్ తిప్పితే గాలి అదే పీల్చుకుంటది. బండి మీద ఇద్దరు కాబట్టి చుట్ట సైజు చూసుకోండి. ఇవన్నీ ఎలా ఉన్నా, పడుకుని చూడకుండా మాత్రం కొనకండి.”

కొండాపూర్‌లో యాత్రల సామాను అమ్మే దుకాణానికి శనివారం సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. లోపల నేల మీద రకరకాల పరుపులు పరిచి ఉన్నాయి. మెడలో కంపెనీ కార్డులతో కుర్రవాళ్ళు, అమ్మాయిలు వాటి మీద పడుకుని దొర్లుతున్నారు. ఒకడు గురక పెడుతున్నట్టు నటిస్తుంటే స్నేహితులు ఫోటోలు తీస్తున్నారు. సేల్స్‌మన్ మా ముందు ఒక పరుపు పరిచాడు.

“షూ ఇడిసి పండుకోని చూడుండ్రి సార్.”

“అక్కర్లేదు.”

“గట్ల చేత్తోని ఒత్తితే ఏం తెలుస్తది సార్?”

“నాకు తెలుస్తుంది.”

నా భార్య చెప్పులు విడవబోయింది. “నేను పడుకొని సూడనా?”

“ఇంతమందిలోనా?” అన్నాను. ఆమె మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

నేను ఒంగి, అరచేత్తో నొక్కి, రెండు వేళ్ళ మందం ఉన్న ఒక సగం ఫోమ్ రకాన్ని ఎంచాను. గట్టిగా, నమ్మకంగా అనిపించింది. చుట్టితే చంకలో ఇమిడేటంత. “గిదే మస్తు పోతది సార్, అందరు ఇదే తీస్కపోతరు,” అన్నాడు సేల్స్‌మన్. ఆమె కూడా చేత్తో తాకి చూసి బాగుందంది. రెండు కట్టించుకుని వచ్చేశాం.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో కర్టెన్లు లాగి, తలుపు గడియ పెట్టి, రెండూ పరిచి చూశాం. నేను ఎప్పుడూ వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని పడుకుంటాను. ఆ పరుపు నా వెన్నును చక్కగా పట్టింది. మంచం మీదకంటే సుఖంగా ఉందని ఒప్పుకోవాలి. ఆమె ఎడమ పక్కకు తిరిగి పడుకుని, “బాగుంది” అంది.

కునుకు తీసి కళ్ళు తెరిచి చూస్తే ఆమె వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తోంది. ఆమె అలా పడుకోవడం నేను ఎప్పుడూ ఎరగను.

“ఏమైంది?”

“ఏం లేదు. బాగుంది.”

“లే ఒకసారి.”

ఆమెను లేపి, ఆమె పరుపు మీద ఆమెలాగే ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడిచి పడుకున్నాను. నడుం వాల్చిన మరుక్షణం తుంటి ఎముక పరుపును అణిచేసుకుని నేలకు తగిలింది. కాసేపటికి భుజం కూడా. వెల్లకిలా పడుకున్నవాడి బరువు ఒళ్ళంతా పరుచుకుంటుంది, పక్కకు తిరిగినవాళ్ళ బరువంతా ఆ రెండు ఎముకల మీదే ఉంటుంది. కుర్చీల దగ్గర నాకు బాగా తెలిసిన లెక్కే ఇది.

“ఇదా బాగున్నది?”

“మీకు బాగుంది కదా,” అంటూ ఆమె టీ పెట్టడానికి వెళ్ళింది.

సోమవారం క్యాంటీన్‌లో భీమవరం అమ్మాయికి జరిగింది చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి కాసేపు కిటికీ బయటికి చూసింది.

“కుర్చీ కొనాలంటే మమ్మల్ని రోజంతా కూర్చోబెట్టేస్తారు. మీ ఆవిడ పరుపు మాత్రం వంకాయ నొక్కి చూసినట్టు చూసి కొనేశారాండీ?”

“ఆమెను పడుకోబెట్టి అడిగినా లాభం లేదమ్మా. ఆమెకు అన్నీ బాగుంటాయి.”

“అయితే మీరే పడుకోండి, ఆవిడలాగా. వేరే దారి లేదండి.”

నిజంగానే వేరే దారి లేదు. నా భార్య పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న ఒక సాయంత్రం నేను ఒక్కణ్ణే ఆమె పరుపు తీసుకుని దుకాణానికి వెళ్ళాను. మార్చుకోవడానికి సేల్స్‌మన్ అభ్యంతరం చెప్పలేదు. “ఈసారన్న పండుకుంటరా సార్?” అన్నాడు.

మూలలో నమూనాకు నిలబెట్టిన టెంటు కనిపించింది. “పరుపులు ఆ టెంటులో పరిచి, జిప్పు వేసెయ్యి,” అన్నాను. అతను నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా పరుపులు ఒక్కొక్కటే లోపలికి అందించాడు.

లోపల ఇస్త్రీ చొక్కాతో, ప్యాంటుతో ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి ముందుకు చాచి పడుకున్నాను. అలా పడుకుంటే ప్రపంచం వేరుగా ఉంటుంది. చెవి నేలకు దగ్గరవుతుంది. బయట నడిచే ప్రతి అడుగూ వినిపిస్తుంది. ఆమె ఆ ఏళ్ళన్నీ ఈ ఎత్తు నుంచే మా ఇంటిని చూసిందన్న ఆలోచన అక్కడే వచ్చింది. మొదటి పరుపు వెడల్పు చాలలేదు, చాచిన చెయ్యి కిందికి జారింది. రెండోది మెత్తగా ఉంది కానీ ఊపిరి తీసినప్పుడల్లా లోపల చిప్స్ పొట్లం నలిపినట్టు చప్పుడు చేసింది. చలి ఆగడానికి లోపల రేకు పొర పెడతారట. మంచం కోడు అదురుకే లేచే మనిషి దాని మీద ఎలా పడుకుంటుంది? పక్కన పెట్టేశాను.

మూడోది గాలిది. నాలుగు వేళ్ళ మందం, వెడల్పు, మెత్తటి గుడ్డ, చప్పుడు లేదు. అయినా తుంటి దగ్గర ఎత్తి కొడుతోంది. పూర్తిగా నింపినందుకు అలా ఉందని తోచి, వాల్వ్ కాస్త వదిలి, తుంటి కింద చెయ్యి దూర్చి చూసుకుంటూ పోయాను. ఒకచోట ఎముక మెత్తగా దిగబడింది, నేలకు మాత్రం తగల్లేదు. అక్కడ వాల్వ్ బిగించాను. అలాగే కళ్ళు మూసుకుని ఉంటే బయటి నుంచి గొంతు వినిపించింది.

“సార్, ఉన్నరా? పండుకున్నరా?”

“ఉన్నాను.”

ఇంతలో ఎవరో జిప్పు సర్రున లాగారు. ఒక అమ్మాయి, ఆమె వెనుక ఇంకో ఇద్దరు తలలు లోపలికి పెట్టారు. నేను అప్పటికే లేచి, బాసింపట్టు వేసుకుని, నిటారుగా కూర్చుని ఉన్నాను.

“అరె, సారీ అంకుల్. ఎవరు లేరనుకున్నం.”

“పరవాలేదు. చూసుకోండి,” అన్నాను, ఇంటికి వచ్చినవాళ్ళతో అన్నట్టు.

ఆ పరుపు చుట్ట పెద్దది. “ఇసొంటియి రెండు బండి మీద పట్టయి సార్, మీకే తక్లీఫ్,” అన్నాడు సేల్స్‌మన్. ఒకటే చాలన్నాను. నా పాత పరుపు నా వెన్నుకు నచ్చింది, అది ఎలాగూ సంచిలో పడుతుంది. మన వైపు నేలంతా తుమ్మముళ్ళు కాబట్టి గాలి పరుపు కింద వేయడానికి పలుచటి ఫోమ్ షీటు, చిల్లులు అతికించే పట్టీలు కూడా తీసుకున్నాను. ఇంట్లో నింపి, వాల్వ్ మీద సబ్బు నీళ్ళు రాసి బుడగలు రావడం లేదని చూసి, దిద్దిన పేపర్ల కట్టలు దాని మీద పెట్టి మర్నాటిదాకా వదిలేశాను. గాలి దిగలేదు.

రెండు పరుపులూ పక్కపక్కన చూసి ఆమె ఇబ్బంది పడింది.

“మీరు కింద, నేను పైనా?”

“నాలుగు వేళ్ళే కదా.”

“అయినా.”

“నా నడుముకు అదే మంచిదట.” ఎవరు చెప్పారని ఆమె అడగలేదు.

చలి తగ్గాక ఒక శనివారం శంకర్‌పల్లి మీదుగా బయల్దేరాం. పెద్ద చుట్టను ఆమె వెనుక క్యారియర్ మీద అడ్డంగా కట్టాను. ఆమె దానికి ఆనుకుని, “దీనికి ఆనుకుంటే ఈడనే నిద్రొస్తాంది,” అంది. వికారాబాద్ దాటాక చెరువు గట్టున ఒక రైతు తన మామిడి తోటలో టెంట్లకు చోటిస్తున్నాడు. చీపురు అడిగి తీసుకుని ముళ్ళు, పుల్లలు ఊడ్చి మేం తెచ్చుకున్న టెంటు వేశాం. దాని లోపలి భాగం దోమతెర లాంటి వల, పైన కప్పే గుడ్డ వేరు. నేను గుడ్డ తీసుకోబోతే ఆమె ఆపింది.

“మిద్దె మీద కప్పేముంటాది?”

“దారినపోయే వాళ్ళందరికీ కనిపిస్తాం.”

“ఎవురు సూస్తారు లెండి, ఈడ.”

గుడ్డ తీసి సంచిలో పెట్టాను. అన్నాలు తిని, చీకటి పడగానే పడుకున్నాం. ఆమె కాసేపు వల లోంచి పైకి చూసింది. తర్వాత ఎడమ పక్కకు, నా వైపు తిరిగింది. ఆమె చెయ్యి తన పరుపు అంచు దిగి, కిందికి వచ్చి, నా మణికట్టు చుట్టూ ఆగింది. ఇక కదలకూడదని అనుకున్నాను. కదలకుండా పడుకోవడం నాకు కష్టం కాదు.

అలవాటు ప్రకారం వెలుగు రాకముందే నాకు మెలకువ వచ్చింది. ఆమె ఊపిరి లోతుగా, ఒకే తీరుగా ఉంది. చెయ్యి ఉన్నచోటే ఉంది. తెల్లారింది. చెరువు మీద పిట్టలు మొదలయ్యాయి. అవతలి టెంట్లలో ఎవరో దగ్గారు. అప్పుడు మామిడి చెట్ల మధ్య నుంచి గంటల చప్పుడు, గొర్రెల అరుపు వినిపించాయి. మంద చెరువుకు పోయే దారి మా టెంటు పక్కనుంచే ఉంది. దాని వెనుక గొంగడి కప్పుకున్న ముసలాయన వస్తున్నాడు.

నా వెన్ను దానంతటదే లేవబోయింది. పరాయి మనిషి వస్తున్నాడు, కూర్చోవాలి. కానీ కూర్చుంటే మణికట్టు కదులుతుంది. కదిలితే ఆమె లేచి “ఏం కావల్ల?” అంటుంది. నేను లేవలేదు.

ముసలాయన వల దగ్గరికి వచ్చి, కర్ర మీద ఆని, నన్ను తేరిపార చూశాడు.

“ఏంది సారు, పొద్దెక్కుతుంది, లేస్తలేవు? తబియత్ మంచిగ లేదా?”

“బాగానే ఉంది,” అన్నాను గొంతు తగ్గించి, పడుకునే. “ఆమె నిద్రపోతోంది.”

అతను వంగి ఆమె వైపు చూశాడు, నా చేతి వైపూ చూశాడు. “నీకు లేవరాదన్నట్టు,” అని లోలోపల నవ్వాడు. “పండనియ్యి, పండనియ్యి.” నాలుకతో చిన్నగా చప్పుడు చేసి, ముందు నడుస్తున్న గొర్రెను కర్రతో పక్కకు మళ్ళించాడు. మందంతా దాని వెంట చెట్ల అవతలి వైపు నుంచి తిరిగి చెరువుకు దిగింది. ఆ తర్వాత నీళ్ళకు పోయే ఇద్దరు ఆడవాళ్ళు కూడా వచ్చారు. మమ్మల్ని చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళారు. నేను వెల్లకిలా, అందరికీ కనిపించేలా పడుకునే ఉన్నాను. ఎండ వల లోంచి నా మొహం మీదికి వచ్చింది. అయినా అలాగే ఉన్నాను.

చివరికి ఆమే కదిలింది. కళ్ళు సగం తెరిచి, ఎండను చూసి, తన చేతిని చూసుకుని, వేళ్ళు వదులు చేసింది.

“మీరు లేసి ఎంతసేపైంది?”

“ఇప్పుడే. పరుపు ఎట్లుంది?”

ఆమె బాగుంది అనలేదు. దుప్పటి మెడ దాకా లాక్కుని, “ఇంగ కొంచెంసేపు,” అంటూ ఆ చేతిని తన చెంప కింద పెట్టుకుని, అవతలి పక్కకు తిరిగి మళ్ళీ పడుకుంది.